పూజ ఇనుము ఆరేదాకా

ఫౌండ్రీలో కొత్తగా చేరినవాళ్ళందరూ నిప్పును చూసి భయపడతారు. వాళ్ళతో నాకు మొదటి తగాదా అక్కడే. నిప్పులో దాపరికం లేదు. ఎర్రగా కనబడుతుంది, దూరం నుంచే మొహం మీద చరిచి "ఆగు" అంటుంది. నీళ్ళ సంగతి వేరు. ఇనప ముక్క కడుపులో చల్లగా, చప్పుడు చెయ్యకుండా కూర్చుంటాయి. ఉద్యోగం చేసినంత కాలం నేను భయపడింది నీళ్ళకే.

మా ఫౌండ్రీ ఖరగ్‌పూర్ శివార్లలో ఉంది. పేరు చెప్పను. చెబితే అక్కడి మేనేజరు సర్కార్ బాబు తగాదాకు వస్తాడు. తగాదా పడే ఓపిక నాకుంది, ఆయనకే లేదు. పాత ఇనుము కరిగించి, అచ్చుల్లో పోసి, పంపుల భాగాలూ మూతలూ తయారు చేసే చోటది. నేను కెమిస్టును. కరిగిన ఇనుము చెంచాడు తీయించి, అందులో ఏముందో చూసి, ఇంకేం కలపాలో చెప్పడం నా పని. దుమ్ము నా ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టిందని డాక్టరు చెప్పాక, యాభై దాటిన కొత్తల్లోనే మానేసి సుభాష్‌పల్లిలో ఇంటిపట్టున ఉన్నాను. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఉద్యోగం వచ్చిందంటూ మా వీధి ఆడపిల్లలు మిఠాయి పట్టుకొస్తారు. ఆ పాపానికి కూర్చుని నా మాటలు వినాలి. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

బాణం గుర్తు

ఘనం, ద్రవం, వాయువు. మా సైన్సు మాస్టారు బోర్డు మీద మూడు గళ్ళు గీసి, వాటి మధ్య బాణాలు వేసేవారు. నేనూ నీటుగా వేసి మార్కులు తెచ్చుకున్నాను. గళ్ళలో ఏముందో పుస్తకాల నిండా ఉంది. బాణంలో ఏముందో ఎవరూ చెప్పలేదు. నా ఉద్యోగమంతా ఆ బాణం మీదే గడిచింది.

ఫర్నేసులో కరిగిన ఇనుము ఉందనుకోండి. అందులో చల్లని స్క్రాపు వేశాం. కరెంటు పూర్తిగా ఇస్తూనే ఉన్నాం, వేడి మాత్రం పైకి కదలదు. సర్కార్ బాబు మీటరు ముందు నిలబడి "కరెంటంతా ఎవడు తాగుతున్నాడు?" అని అరిచేవాడు. ఇనుమే తాగుతోంది బాబూ. ముక్కలో అణువులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. ఆ పట్టు విడిపించడానికే వేడంతా పోతుంది. పట్టు విడిచాకే ఒళ్ళు వేడెక్కుతుంది. స్థితి మారేటప్పుడు పైకి ఏమీ జరగనట్టే కనిపిస్తుంది, జరిగేదంతా లోపల జరుగుతుంటుంది. ఇది తెలియని మేనేజర్లు తొందర పెడతారు. తొందర పెట్టే మేనేజరు కంటే తాగి వచ్చే మేనేజరు నయం. తాగినవాడు ఏదో ఒక మూల నిద్రపోతాడు.

నీళ్ళు ఆవిరయ్యే బాణం ఇంకా మొండిది. అది వేడితో ఊరుకోదు, చోటు కూడా అడుగుతుంది. గ్లాసెడు నీళ్ళు ఆవిరైతే ఒక డీజిల్ డ్రమ్ము నిండి ఇంకా మిగులుతుంది. పొయ్యి మీద గిన్నెలో అయితే ఆ చోటు వంటింట్లో మెల్లగా దొరుకుతుంది. కరిగిన ఇనుము అడుగున పడితే రెప్పపాటులో కావాలంటుంది. ఇవ్వకపోతే పైనున్న ఇనుమును విసిరికొట్టి తీసుకుంటుంది.

కప్పులో చిల్లు

ఇది నాకు నేర్పింది ఘోష్ దా. నేను చేరినప్పుడు ఫర్నేసు ఫోర్‌మన్ ఆయనే. సిగరెట్టు వెలిగించకుండానే పెదవుల మధ్య పెట్టుకుని తిరిగేవాడు. మాటకు ముందు అక్కగారూ అన్నట్టు "దిదిమణి" అనేవాడు, ఆ తర్వాత వచ్చేవి తిట్లే.

చేరిన కొత్తల్లో ఒకరోజు నన్ను ఫర్నేసు గట్టు మీదికి తీసుకెళ్ళి, వేళ్ళు నీళ్ళ మగ్గులో ముంచి, నాలుగు చుక్కలు కరిగిన ఇనుము మీద చిలకరించాడు. నేను గెంతి వెనక్కి పడ్డాను. ఏమీ కాలేదు. చుక్కలు ముత్యాల్లా అటూ ఇటూ పరుగెత్తి మాయమయ్యాయి.

"దేఖ్‌లే, చూశావా, దిదిమణి? పైన పడ్డ చుక్క తన కింద ఆవిరి పరుపు వేసుకుని దాని మీద జారుతుంది. ఆవిరి పైకి పోవడానికి ఆకాశమంతా ఉంది. మరి చుక్క కిందికి దిగితే?"

ఆయన తలెత్తి పైకప్పు చూపించాడు. రేకులో గుప్పెడంత చిల్లు. అందులోంచి ఎండ పడి నేల మీద గుండ్రంగా మెరుస్తోంది.

"వానలో తడిసిన గొట్టంతో ఒకడు ఇనుము కలియబెట్టాడు. గొట్టంలో దోసెడు నీళ్ళు కూడా లేవు. ఇనుము అంత ఎత్తు ఎగిరింది. అప్పుడు ఇక్కడ, నువ్వు నిలబడ్డ చోట నిలబడ్డవాడు ఇప్పుడు గేటు దగ్గర కూర్చుంటున్నాడు."

గేటు దగ్గర కూర్చునే కార్తీక్ కాకాకు ఎడమ కన్ను లేదు. పొద్దున్నే నన్ను చూసి నవ్విన మనిషి. చిన్నప్పుడు ఏ అమ్మవారో పోసి కన్ను పోయిందనుకున్నాను.

ఘోష్ దా రిటైరయ్యాడు. రేకు మార్చమని నేను ఏనాడూ అడగలేదు. వానాకాలంలో అక్కడ నీళ్ళు కారకుండా పైన జానెడు ఎత్తున చిన్న గొడుగులా ఇంకో రేకు కట్టించి, చిల్లును మాత్రం అలాగే ఉంచమన్నాను. కొత్తవాళ్ళకు భద్రతా సూత్రాల బోర్డు చూపించే బదులు ఆ చిల్లు చూపించేదాన్ని. బోర్డు ఎవరూ చదవరు. చిల్లు కింద నిలబడ్డాక తల ఎత్తనివాడు లేడు.

అప్పారావు

ఘోష్ దా తర్వాత ఫర్నేసు అప్పారావు చేతికి వచ్చింది. ఇనుము కరిగించి పోసే మెల్టరు. నిమ్‌పురా రైల్వే కాలనీలో మా నాన్నగారి క్వార్టరుకు మూడు వరసల అవతల పెరిగినవాడు. తాతలది శ్రీకాకుళం వైపు. తండ్రి రైల్వేలో చేశాడు. ఇతనికి అక్కడ దొరక్క ఇక్కడ కుదురుకున్నాడు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. పనిమంతుడే. నాకు అతనితో పేచీ ఒక్క చోటే వచ్చేది. తను కళ్ళారా చూసిందే లోకం అనుకునేవాడు. నీటి చుక్కలు ఇనుము మీద ఆడటం అతను ఇన్నేళ్ళుగా రోజూ చూశాడు. తడి స్క్రాపు వద్దని నేనంటే నవ్వేవాడు.

"ఏటి మేడమ్ గోరూ, నీలంటే అంత బయ్యం? ఇంత ఇనుం ముందర సుక్క నీలెంత? తుస్సుమని ఎల్లిపోతాది."

"పైన పడితే తుస్సే. కింద పడితే కార్తీక్ కాకాను అడుగు."

"ఆయన గాచారం అది. ఆ రోజు అమాస."

అమావాస్యకు ఆవిరి తెలియదని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. అతన్ని అజ్ఞాని అనను. చూసినదాన్ని నమ్మడం తప్పా? అతను చూసింది బాణంలో సగమే. మిగతా సగం చూసినవాళ్ళు రెండోసారి చెప్పడానికి ఫర్నేసు దగ్గర మిగలరు. ఈ పనిలో అనుభవానికున్న పెద్ద లోపం ఇదే, అనుభవం గురించి ప్రసంగాలు చేసేవాళ్ళెవరూ ఈ ముక్క చెప్పరు.

బోణీ ఇనుము

విశ్వకర్మ పూజ రోజున ఖరగ్‌పూర్‌లో మిషన్లన్నీ ఆగుతాయి. ఆకాశం నిండా గాలిపటాలు, నేల నిండా బురద. మా ఫౌండ్రీలో బెంగాలీలు విగ్రహం నిలిపేవారు. మన తెలుగువాళ్ళు దానికి పక్కనే తమ ఆచారం ఒకటి పెట్టుకున్నారు. స్క్రాపు కుప్పలోంచి ఒక మంచి ఇనప ముక్క ఎంచి, స్నానం చేయించి, పసుపూ కుంకుమా పెట్టి విగ్రహం ముందు ఉంచుతారు. మర్నాడు ఫర్నేసులో మొదటి ఇనుము కరగగానే అందులో పడేది ఆ ముక్కే. దాని పేరు బోణీ ఇనుము. వేసేది మెల్టరే, తన చేత్తోనే, ఫర్నేసు నోటి మీదికి వంగి.

ఆ ఏడు పూజ మర్నాడు యజమాని చుట్టాలతో వస్తున్నాడు. ముహూర్తం దాటకముందే బోణీ పడాలని సర్కార్ బాబు పొద్దుటి నుంచీ గడియారం చూస్తూ తిరుగుతున్నాడు. నేను వెళ్ళేసరికి ఫర్నేసులో ఇనుము కరిగి తళతళమంటోంది. అప్పారావు కొత్త చొక్కా వేసుకున్నాడు. చేతుల్లో బోణీ ఇనుము. మందపాటి గొట్టం ముక్క, మోచేయంత పొడుగు. ఒక కొస వెల్డింగుతో మూసుకుపోయి ఉంది. రెండో కొస ఎప్పుడో సుత్తి దెబ్బ తిని నొక్కుకుపోయి, సన్నటి చీలిక మిగిలింది.

"బాగుందన్నా," అన్నాను. నిజంగానే బాగుంది, పెళ్ళికూతురిలా. "తానం ఎలా చేయించావ్?"

"బకెట్టు నిండా పసుపు నీలు కలిపి బుడుంగుమని ముంచీసినాం. సిత్రం సూడండి, మేడమ్ గోరూ! ముంచగానే బుడబుడా బుడగలొచ్చీసినాయి. ఇనుం ఊపిరి తీసినాది. మంచి సూచనని అందరం దండం ఎట్టీసినాం."

బుడగలు వచ్చాయంటే లోపలి గాలి బయటికి పోయింది. గాలి ఖాళీ చేసిన చోట ఏం చేరింది?

"అది వెయ్యకు."

"ఏటి?"

"వెయ్యొద్దంటున్నాను. కడుపు నిండా నీళ్ళున్నాయి దానికి."

అప్పారావు గొట్టాన్ని తలకిందులు చేసి ఊపాడు. చీలిక చివర ఒక చుక్క వేలాడి రాలింది. అంతే. "ఏటీ నేదు, సూడండి."

"లోపల మన్నుంది. మన్ను తాగిన నీళ్ళు ఊపితే రావు. కోయిద్దాం."

చుట్టూ గుసగుసలు లేచాయి. పూజ చేసిన వస్తువును కోస్తారా? అప్పారావు మొహం నల్లబడింది. "సదువుకున్నోలు దేవుణ్ణి నమ్మకపోతే మానండి. ఈ పని నాది. ఇక్కడ నిలబడేది నాను, మీరు గాదు."

"అందుకే చెబుతున్నాను. నిలబడేది నువ్వు కాబట్టే."

ఇంతలో సర్కార్ బాబు వచ్చాడు. "క్యా హువా? మేడమ్, ఏక్ టుక్‌డా లోహా హై. ఇనప ముక్కే కదా, బాంబు కాదు."

"ఇప్పటిదాకా కాదు సార్. అందులో పడ్డాక చెబుదురు గాని."

"యజమాని గేటు దాకా వచ్చేశారు. ముహూర్తం పోతోంది."

"ముహూర్తం పోతే వచ్చే ఏడు మళ్ళీ వస్తుంది." నేను వెళ్ళి ఫర్నేసు నోటికీ అప్పారావుకూ మధ్య నిలబడ్డాను. వేడికి వీపు మాడుతోంది. ధైర్యమని మెచ్చుకోకండి. వాదనలో ఓడిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు, అంతే. "అన్నా, నానూ నిమ్‌పురా గుంటనే, నీ ముందు పెరిగిన పిల్లనే. మీ ఇంట్లో మీ అమ్మ చేతి పులుసన్నం తిన్నాను. కొయ్యొద్దంటే కొయ్యం. దేవుడిదే, దేవుడిదిలాగే ఉంచుదాం. ఫర్నేసు మూత మీద పెట్టి ఆరబెడదాం. ఆరాక నువ్వే వెయ్యి. ఇది కూడా కుదరదంటే నన్ను దాటుకుని వెయ్యి."

అతను నన్ను చూశాడు, చేతిలో ఇనుమును చూశాడు. "ఓలమ్మో, ఈవిడి నోరు!" అని ఎవరికో చెప్పినట్టు అన్నాడు. గొట్టాన్ని మాత్రం దించాడు.

పళ్ళెం

ఆవిరికి దారి ఉండాలి కాబట్టి ముందు ఆ చీలికను ఇనప తీగతో పొడిపించాను. తడి మన్ను పసుపురంగు ముద్దలా ఊడిపడింది. ఫర్నేసుకు మూత వేయించి, మూత మీద గొట్టాన్ని పడుకోబెట్టి, చీలికను మనుషుల్లేని గోడ వైపు తిప్పించాను. అందరినీ పక్కకు జరగమన్నాను. యజమానీ చుట్టాలూ ఆఫీసు గదిలో కూర్చుని టీ తాగుతున్నారు. సర్కార్ బాబు వాళ్ళకూ మాకూ మధ్య నడుస్తూ తన ఉద్యోగం గురించీ నా ఉద్యోగం గురించీ వినపడేలా గొణుక్కుంటున్నాడు.

ఇనుము వేడెక్కింది. కుంకుమ బొట్టు నల్లబడింది. చీలిక దగ్గర ఏమీ కనిపించలేదు. పొగ లేదు, తెల్లటి ఆవిరి లేదు.

"ఏదీ మేడమ్ గోరూ మీ ఆవిరి?" అప్పారావు గొంతులో ఎకసెక్కెం. "ఇంత సేపైనాది. ఏటీ నేదు కదా. బంగారం లాటి ముగూర్తం పోనాది."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఆవిరంటే తెల్లగా కనిపించేదనే అందరి లెక్క. పుస్తకం చదివినవాళ్ళది కూడా. ఆ తెల్లటిది ఆవిరి కాదు, చల్లబడి మళ్ళీ నీళ్ళయిపోయిన తుంపర. అసలు ఆవిరి కంటికి కనపడదు. టీ కెటిల్ మూతి దగ్గర కాస్త ఖాళీగా కనిపించి, ఆ తర్వాత తెలుపు మొదలవుతుంది. ఆ ఖాళీలో వేలు పెట్టి చూడండి. వద్దులెండి, నా మాట నమ్మండి.

ప్రసాదం పంచిన స్టీలు పళ్ళెం బల్ల మీద ఉంది. కడిగించి, నా కొంగుతో పొడిగా తుడిచి, అందరి మొహాల ముందూ తిప్పాను. "పొడిగా ఉందా?"

"ఉంది."

కాసేపు ఊరికే గాలిలో పట్టుకున్నాను. "ఇప్పుడు?"

"పొడే."

పట్టకారుతో పళ్ళేన్ని పట్టుకుని, పక్క నుంచి, ఏమీ లేదని అందరూ అంటున్న ఆ చోట, చీలిక ఎదుట పెట్టాను. పళ్ళెం మెరుపు పోయింది. మసకేసింది. మసక చుక్కలైంది. చుక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుని ధారలై అంచు నుంచి కారాయి. టప్. టప్. ఫర్నేసు హోరులో ఆ చప్పుడు ఎలా వినపడిందో నాకు తెలియదు. అందరికీ వినపడింది.

ఎవరూ నవ్వలేదు. సర్కార్ బాబు నడక ఆపాడు.

అప్పారావు ఊరుకునే రకమా? దగ్గరికి వచ్చి పళ్ళెం వంచి చూశాడు. "మేం ముంచింది పసుపు నీల్లో. ఈ నీలు తెల్లగున్నాయి. పసుపేదీ?"

ఇన్నేళ్ళలో నన్ను అడిగిన ప్రశ్నల్లో ఇంత మంచిది ఇంకొకటి లేదు. కాలేజీలో మా లెక్చరర్లను కూడా ఎవరూ ఇలా నిలదీయలేదు.

"పసుపు ఆవిరి అవ్వదన్నా. మీ తాతల ఊరి పక్క ఉప్పు మళ్ళు ఉంటాయి కదా, సముద్రం నీళ్ళు పోయి ఉప్పు ఉండిపోతుంది చూడు. నీళ్ళే లేచి వస్తున్నాయి, పసుపు లోపలే ఉంది. ఆరాక నువ్వే చూద్దువు గాని."

మళ్ళీ మళ్ళీ పళ్ళెం తుడిచి పట్టాం. మసక పలచబడుతూ వచ్చింది. చివరికి పట్టినా పళ్ళెం పొడిగానే మిగిలింది. అప్పారావు నన్ను అడక్కుండా తీగ తీసుకుని చీలికలోకి దూర్చి గీకాడు. తీగ కొనకు పొడి మన్ను, అందులో కాస్త మాడిన పసుపు. ఊది చల్లార్చి, వేలి మీద రాసుకుని వాసన చూశాడు. తర్వాత తలెత్తి రేకులో చిల్లు వైపు చూశాడు. ఆ చిల్లు అతనికి రోజూ చూసే చందమామ లాంటిది. ఆ రోజు దాని కింద ఎవరు నిలబడబోయారో లెక్క వేస్తున్నాడని నాకు తోచింది.

"మేడమ్ గోరూ," అన్నాడు, ఈసారి ఎకసెక్కెం లేదు. "ఇనుంకి తానం సేయించబోయి నాకే ఆకరి తానం సేయించీసుకుందును."

కొత్త చొక్కా మీద తోలు కోటు తొడుక్కుని, మొహానికి అద్దం దించుకుని, దండం పెట్టి, మూత తీయించి, బోణీ ఇనుమును పట్టకారుతో అందులో వేశాడు. అది మెల్లగా మునిగింది. ఎప్పుడూ వచ్చే నాలుగు మిణుగురులు లేచాయి. గదిలోంచి వచ్చిన యజమాని చప్పట్లు కొట్టాడు. ముహూర్తం ఏమైందని సర్కార్ బాబును అడిగితే, పంచాంగంలో ఇంకొకటి దొరికిందన్నాడు.

ఆ సాయంత్రం సర్కార్ బాబు నన్ను పిలిచి, నీళ్ళున్నా ఏమీ అయ్యేది కాదేమో అన్నాడు. అలా అనేవాళ్ళు మీకూ ఎదురవుతారు. వాళ్ళకు జవాబు లేదు. జరగని దానికి సాక్ష్యం తేలేం. మనం సరిగ్గా పని చేసిన రోజున చూపించడానికి ఏమీ ఉండదు. దానికి ఎవరూ దండ వెయ్యరు. ఈ ఉద్యోగంలోకి దండల కోసం వచ్చేటట్లయితే ఇప్పుడే వెనక్కి వెళ్ళిపోండి.

పొడి పళ్ళెం

నేను మానేశాక మొదటి విశ్వకర్మ పూజకు ఫౌండ్రీ వాళ్ళు పిలిచారు. మర్నాడు బోణీ వేళకు వెళ్ళాను. కార్తీక్ కాకా గేటు తీసి, "తగాదా తీసుకొచ్చావా?" అని అడిగాడు. లేకుండా ఎక్కడికి వెళ్తాను?

ఇప్పుడు బోణీ ఇనుమును ముంచడం లేదు. గుల్ల లేని గట్టి ముక్కను ఎంచి, పసుపు చేత్తో రాసి ఊరుకుంటున్నారు. అయినా మూత మీద ఆరబెడుతున్నారు, పళ్ళెం పడుతున్నారు. పళ్ళేనికి చామంతులు కూడా చుట్టారు. అది చూసి నాకు ఒళ్ళు మండింది. ఆలోచన కాస్తా ఆచారం అయిందంటే, రేపు ఎవరో ఒకరు పళ్ళేన్ని తప్పు చోట పట్టి శాస్త్రం జరిగిందనుకుంటారు. నా స్థానంలో చేరిన అమ్మాయి మౌమితా పట్టకారు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎందుకు పడుతున్నావ్ ఆ పళ్ళెం?" అన్నాను బెంగాలీలో. "అందరూ పడతారనా?"

ఆ పిల్ల బెదరలేదు. "కనపడనిది ఉందో లేదో చూడటానికి, దీదీ. ఈ చామంతులు నాకూ నచ్చలేదు. వాటి తడే పళ్ళేనికి అంటుతోంది." అని పూలు తెంపి పక్కన పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు గొణిగారు. తనూ ఏదో అంది. పిల్లకు నోరుంది. నా గుండె కుదుటపడింది.

పళ్ళెం తుడిచి ఇనుము పక్కన పట్టింది. తీసి అప్పారావుకు ఇచ్చింది. అతను దాన్ని నా దగ్గరికి తెచ్చి, ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మీసాలు నెరిశాయి. మొహానికి అద్దం ఇంకా దించలేదు. రెండు కళ్ళూ చికిలించి నన్నే చూస్తున్నాడు.

"సూడండమ్మా," అన్నాడు. "ఏటీ నేదు."

వంగి చూశాను. పొడి పళ్ళెంలో పైకప్పు చిల్లు తెల్లటి చుక్కలా మెరుస్తోంది. ఇంకేమీ లేదు.

"అయితే ఎయ్యన్నా," అన్నాను.